బొగ్గుపై లోహము

బొగ్గును చులకనగా చూచుట మనకు పరిపాటి. ఎంత కడిగినను నలుపు వదలనిదని లోకమున దానికి పేరు. కాని తన నలుపును వదలని ఈ బొగ్గే ఇతర వస్తువుల రంగును హరించునని 1785లో లోవిట్స్ అను రసాయనవేత్త కనుగొనెను. ఆయన సెంట్ పీటర్సుబర్గులో ఒక ఔషధాలయమున పనిచేయుచుండెను. టార్టారిక్ ఆమ్లమును స్ఫటికములుగా తీయబోవునపుడు ద్రావణము గోధుమవర్ణమునకు తిరుగుచుండెడిది. బొగ్గుపొడి కలిపి వడగట్టగా ఆ రంగు పోయెను. కొన్ని ఏండ్లలోనే చక్కెరను శుద్ధిచేయు వర్తకులు ఈ ఉపాయమును చేపట్టిరి.

ఇది కథలో ఒక పాయ. రెండవ పాయ జర్మనీలోని యేనా పట్టణమున బయలుదేరినది. డోబెరైనర్ అను నాతడు ఒక బండి తోలువాని కుమారుడు. క్రమమైన చదువు లేక మందుల దుకాణమున శిష్యరికము చేసినవాడు. 1810లో ఆయనకు యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి లభించెను. మహాకవి గేటేకు ఆయన యెడల మిక్కిలి ఆదరము. 1823లో డోబెరైనర్ మెత్తని ప్లాటినపు పొడిమీదికి హైడ్రోజన్ వాయువును గాలితో కూడ పోనిచ్చి చూచెను. అగ్గి చూపకయే ప్లాటినము ఎఱ్ఱగా కాగి వాయువు భగ్గున మండెను. ఆ లోహము మాత్రము తరుగలేదు, మారలేదు. దీని ఆధారముతో ఆయన ఒక దీపయంత్రమును నిర్మించెను. దానిపై హక్కులు పొంది ధనము గడించవలెనని తలపెట్టలేదు. తాను వ్యయము కాకయే చర్యను త్వరపరచు ఇట్టి శక్తికి స్వీడను దేశీయుడైన బెర్జీలియస్ 1835లో పేరు పెట్టెను. మనము ఉత్ప్రేరకమని వ్యవహరించునది అదియే.

విచిత్రమేమనగా, ఈ డోబెరైనరే చక్కెరనుండి ఫార్మిక్ ఆమ్లమును చేయుచుండగా కొద్దిపాటి తైలము వెంట వచ్చుటను గమనించి 1832లో ప్రకటించెను. పిమ్మట తవుడునుండి కూడ లభించుటచే, తవుడను అర్థముగల లాటిన్ పదమునుబట్టి దానికి ఫర్ఫురాల్ అని పేరు వచ్చినది. అమెరికాలో సీడర్ రాపిడ్స్ నగరమున క్వేకర్ ఓట్స్ సంస్థ 1922లో ఓట్సు పొట్టునుండి ఈ తైలమును పెద్దయెత్తున తీయ నారంభించెను. పొట్టునుండి తైలము, లోహముచే చర్య: రెండును ఒకే మనుష్యుని చేతిమీదుగా వచ్చినవి, కలిసి పనిచేయుటకు మాత్రము చాలకాలము పట్టినది.

బొగ్గును లోహమును జతపరచినవాడు స్కాట్లండు దేశీయుడైన స్టెన్‌హౌస్. బొగ్గుకు ప్లాటినపు లవణమును పట్టించి ఎఱ్ఱగా కాల్చి, 1855లో ఆయన దాని గుణములను వివరించెను. ఇందలి లాభమును గ్రహించుటకు గుడి విగ్రహమునకు బంగారు రేకు తొడుగుటను తలచుకొనిన చాలును. చర్య జరుగునది లోహపు ఉపరితలముననే. లోపలి లోహము వ్యర్థము. కావున దానిని పలుచగా పరవవలెను. శ్రేష్ఠమైన ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాములో, సూక్ష్మరంధ్రముల గోడలన్నియు కలిపి చూచినచో, సుమారు 1000 చదరపు మీటర్ల వైశాల్యముండును. మన లెక్కలో ఇది 25 సెంట్ల నేల!

పెట్రోలియము శుద్ధిచేయుటకు అల్యూమినా, సిలికాలే ఆధారములుగా చక్కగా పనిచేసినవి. గడ్డి, కట్టె, పొట్టు వంటివి అట్లుకాదు. వీనిని వేడినీటిలో, తరచుగా ఆమ్లముల నడుమ, మార్పవలెను. ఆ వేడినీటిలో అల్యూమినా రూపు మారును, సిలికా కొంత కరగిపోవును. బొగ్గు నిలిచియుండును. కాని వట్టి బొగ్గు లోహమును గట్టిగా పట్టుకొనదు. రేణువులు జారి ఒకదానితో నొకటి కలిసి ముద్దలగును, వ్యయపరచిన ప్లాటినము అంతటితో సరి. అందుచే బొగ్గును నత్రికామ్లముతో సంస్కరించి, దానిమీద ఆక్సిజను సమూహములను మొలిపింతురు. ఇవి లోహమునకు కట్టుగుంజల వంటివి. నత్రజనిని చేర్చుట మరియొక మార్గము. గంధకామ్లముతో సంస్కరించినచో బొగ్గే ఆమ్లమువలె పనిచేయును: 2005లో జపాను శాస్త్రజ్ఞులు చక్కెరను మాడ్చి ఇట్టి బొగ్గును చేసి, దానితో బయోడీజిలు తయారుచేసిరి. 2009లో మన హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థవారు గ్లిసరాల్‌నుండి అట్టి బొగ్గునే ప్రకటించిరి.

లోహము విషయమున నాకు మిక్కిలి ఆశ కలిగించునది 2008లో చైనావారు చూపిన ఫలితము. బొగ్గుపై టంగ్‌స్టన్ కార్బైడును, కొంచెము నికెలును పరచి, వారు కట్టెలోని సెల్యులోజును 245 డిగ్రీల వేడిలో, హైడ్రోజను ఒత్తిడిలో, ఇథిలీన్ గ్లైకాల్‌గా మార్చిరి. దిగుబడి 61 శాతము. పాలియెస్టరు నూలుకు మూలవస్తువు లలో ఇదియొకటి. నికెలు ప్లాటినమువలె దుర్లభము కాదు. అయినను శుద్ధమైన సెల్యులోజు వేరు, కోత ముగిసిన తరువాత మనము పొలములో నిప్పుపెట్టు వరిగడ్డి వేరు. గడ్డిలోని లవణములు, ఇసుక పదార్థము, గంధకము ఉత్ప్రేరకమును మందగింపజేయును. కట్టుగుంజలే కొన్ని వేడికి ఊడిపోవును.

పనితీరిన పిదప ఆ బొగ్గును కొలిమిలో కాల్చివేయుదురు. బొగ్గు పొగయై పోవును, వెలగల లోహము బూడిదలో మిగులును. కంసాలి వీథులలో కుంపటి బూడిదను కొనిపోయి బంగారు రజను తీయువారి పని వంటిదే ఇదియు.