సీమావృక్షం: సాక్ష్యం, స్వామ్యం

గట్టుమీది చెట్టును గురించి ఇరుగుపొరుగు రైతుల మధ్య తగవు వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు కలగలిసిపోతాయి. ఆ చెట్టు ఎవరిదన్నది ఒకటి. హద్దు ఎక్కడున్నదో ఆ చెట్టువల్ల తెలుస్తుందా అన్నది మరొకటి. మొదటిది స్వామ్యానికి, రెండవది సాక్ష్యానికి సంబంధించినవి. ధర్మశాస్త్రాలలో ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని, ఆధునిక న్యాయంలో అది మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సీమావివాదం 18 వ్యవహారపదాలలో ఒకటి. మర్రి, రావి, మోదుగ, బూరుగ, తాడి మొదలైన వాటిని, పాలుగారే చెట్లను ఎల్లలపై నాటాలని మనుస్మృతి అష్టమాధ్యాయం విధించింది. పైకి కనిపించే గుర్తులు చెరిగిపోవచ్చునని రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, బొగ్గులు వంటి వాటిని భూమిలో పాతిపెట్టుమన్నది. ఈ చిహ్నాలవల్ల సందేహం తీరనప్పుడే సాక్షుల మాట ప్రమాణం. వారు ఎర్రని వస్త్రాలు, పూలమాలలు ధరించి, తలపై మట్టి ఉంచుకొని హద్దు చెప్పాలి. తప్పు చెబితే 200 పణాల దండన. అంటే విచారణ క్రమంలో మనిషికంటె ముందు చెట్టే సాక్షి.

ఊడలు దిగే చెట్లకు, జీవనాధారమైన చెట్లకు కొమ్మ నరికితే 20, బోదె నరికితే 40, చెట్టంతా నరికితే 80 పణాల దండనను యాజ్ఞవల్క్యస్మృతి విధించింది. అదే చెట్టు సీమపై ఉంటే దండన రెట్టింపు. చైత్య, శ్మశాన, దేవాలయ వృక్షాలను కూడా అదే శ్లోకం పేర్కొన్నందున ఇందుకు పవిత్రతే కారణమని వాదించవచ్చు. అయితే కౌటిల్యుడు ఈ రెట్టింపును సీమావృక్షాలు, చైత్యవృక్షాలతోపాటు గుర్తింపుగల చెట్లకు, రాజవనాలకు కూడా వర్తింపజేశాడు. కనుక పవిత్రత ఒక్కటే కారణం కాదు. చెట్టుకున్న సామాజిక ప్రయోజనం కూడా లెక్కకు వచ్చిందని భావించవచ్చు.

స్వామ్యం విషయంలో కాత్యాయనుని నిర్ణయం స్పష్టం. రెండు క్షేత్రాల సీమామధ్యంలో పుట్టిన చెట్ల పూలు, పండ్లు ఇరువురికీ ఉమ్మడి. ఉమ్మడి ఫలం ఉన్నచోట చెట్టును కాపాడడం ఇరువురికీ లాభమే. సాక్ష్యానికి స్వామ్యం తోడుగా నిలిచింది.

ఈ సంప్రదాయం తెలుగునేలకు పరాయిది కాదు. తూర్పు చాళుక్యుల దానశాసనాలలోని ఎల్లల వివరాలలో చెట్లు, చెరువులు హద్దులుగా కనిపిస్తాయి. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. ఆ కావ్యంలోని వ్యవహార పరిభాషను శాసనాల ఎల్లల పరిభాషతో పోల్చి చూడవలసి ఉంది.

1923 నాటి మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం కింద అధికారిక సర్వేయే హద్దుకు ప్రధాన ప్రమాణమైంది. చెట్టు సాక్షిస్థానం సర్వేరాయికి దక్కింది. ఇక మిగిలింది స్వామ్యమే. లెమన్–వెబ్ వ్యాజ్యంలో ఇంగ్లండు ప్రభువుల సభ, తన భూమిపైకి వాలిన కొమ్మలను పొరుగువాడు ముందుగా తెలియజేయకుండానే తన భూమిలో నిలబడి నరకవచ్చునని తీర్పు చెప్పింది. ఈ ఆంగ్లసూత్రం భారతీయ న్యాయస్థానాలనూ ప్రభావితం చేసింది.

స్మృతులు విధించిన దండనలు ఎంతవరకు అమలైనవో స్మృతులనుబట్టి నిర్ణయించలేము. కాని వాటి దృష్టిలో గట్టుమీది చెట్టు తగవును తీర్చే ఆధారం. ఆధునిక వ్యాజ్యంలో అదే చెట్టు తగవుకు కారణం. ఈ మార్పుకు మూలం చెట్టులో లేదు, హద్దును నిరూపించే పద్ధతిలో ఉన్నది.