పెళ్లి క్యాసెట్లూ చరిత్రే

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో బీరువా పైఅరలో పడున్న వీడియో క్యాసెట్లు కుటుంబ జ్ఞాపకాలే కాదు, ఈ సీమ చరిత్రకు ఆధారాలు కూడా. జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్‌ను తెచ్చింది. మన దేశంలో 1982లో కలర్ టీవీ వచ్చాక ఈ క్యాసెట్లను ఆడించే వీసీఆర్‌లు ఇళ్లకు చేరాయి. పెళ్లి టేపుల్లో తలంబ్రాలతోపాటు పందిరి, బంతి భోజనాలు, మేళం, ఇక్కడి యాస కూడా నమోదయ్యాయి. జాతర టేపులూ అంతే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో కట్టే బైరాగి, బండ, తోటి, దొర వేషాల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ వేషగాళ్ల నడక, కేక మాత్రం టేపులోనే పట్టుబడతాయి.

మా ఇంటి పెళ్లి ఊరికెందుకు అనవచ్చు. ఊరికి చూపనక్కర్లేదు. కానీ టేపు మిగిలితేనే కదా, చూపాలో వద్దో తేల్చుకునేది! ఫొటోలున్నాయిగా అంటే, జేజి గొంతు ఆల్బంలో వినిపించదు. టేపుమీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు పాడవుతుంది, బూజూ పడుతుంది. బూజు పట్టినదాన్ని శుభ్రం చేయకుండా ఆడిస్తే వీసీఆర్ హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే టేపుకూ బూజు అంటుకుంటుంది. మూడు గంటల టేపు కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆ పని ఆపేసింది. కాబట్టి ఆడించే యంత్రం దొరుకుతున్నప్పుడే టేపులను డిజిటల్‌లోకి మార్చి, రెండుచోట్ల దాచుకోండి.