బీడీ మానమన్నారు, కొర్ర తినమన్నారు

నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో బీడీ పొగాకు మీదా పని జరుగుతుంది, కొర్ర మీదా జరుగుతుంది. సూర్యనంది కొర్ర రకం అక్కడ పుట్టిందే. మొదటిది మానమని, రెండోది తినమని రాయలసీమ జనానికి చెబుతూ వచ్చారు. ఆ రెండు మాటలు నడిచిన దారులు వేరు.

1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను తేల్చి చెప్పింది. మన పార్లమెంటు 1975లో పెట్టె మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది. అయితే హెచ్చరిక సిగరెట్టుకే పరిమితం. కర్నూలు, కడప మెట్టపొలాల్లో మడక పట్టినవాడు కాల్చేది బీడీ. బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మ పడింది 2009 మే 31న. 34 ఏళ్లు పేదవాడి ఊపిరితిత్తులు లెక్కలోకే రాలేదు, ఇది క్షమించరాని జాప్యం. ఈలోగా 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై నిషేధం అమలైంది. దేశంలో పొగాకు వాడే పెద్దలు 2009-10లో 34.6 శాతం ఉంటే, 2016-17 నాటికి 28.6 శాతానికి తగ్గారు.

బీడీ మానితే జేబులో డబ్బు మిగులుతుంది. తిండి మార్చాలంటే డబ్బు కావాలి.

పైగా సీమలో అన్నానికి కరువు చరిత్ర ఉంది. 1876-78 ధాత కరువు ఈ జిల్లాలను ఊడ్చేసింది. 1950ల తొలినాళ్లలో కూడా గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. అప్పట్లో కర్నూలు-కడప (కేసీ) కెనాల్ ఆయకట్టు దాటితే రోజూ జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి, వరన్నం పండగనాడే. కొర్రలు దంచి పొట్టు తీయడం ఆడవాళ్ల రెక్కల కష్టం. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఆ ఇళ్లకు కడుపు నింపుకునే ధీమాతో పాటు నలుగురిలో మర్యాదా దక్కింది, రోకటి చాకిరీ తప్పింది. కొర్ర వేసే చేలల్లో అప్పటికే బుడ్డల (వేరుశనగ) పంట పరుచుకుంటోంది. అలాంటి ఇంటికి వెళ్లి మళ్లీ కొర్రలు తినండి అంటే, పాత లేమిని గుర్తుచేసినట్టే వినిపిస్తుంది.

ప్రొద్దుటూరులో పుట్టిన చిరుధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలి కొర్ర తినమనే మాటను ఊరూరా చెప్పారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన వైద్యం మాటలన్నిటినీ నేను ఒప్పుకోను. కానీ కొర్ర, సామ, అరికెలను చులకనగా చూసే చూపును మార్చినందుకు ఆయనకు సీమ రుణపడి ఉంది. మరొకరు నూనే వద్దంటారు, ఇంకొకరు కొబ్బరినూనె తాగమంటారు. సిగరెట్ పెట్టె మీది ఒకే ఒక్క మాటకున్న బలం ఇలా తలో తీరుగా చెప్పే తిండి సలహాలకు లేదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ జనవరి నుంచే రేషన్ బియ్యం పూర్తిగా ఉచితమయ్యాయి. దుకాణంలో కొనుక్కోవాల్సిన కొర్రబియ్యం వాటితో ఎలా పోటీపడతాయి? ఆ మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ పోయడం మొదలుపెట్టారు. సలహా దగ్గరే ఆగిపోని పని అది. కర్నూలు, కడప కార్డుదారులకు కొర్రబియ్యం కూడా అదే రేషన్ దుకాణంలో, అంతే ఉచితంగా తూచి ఇవ్వాలి.