రాగి నాణేలపై టంకసాల దోషాలు, అనంతర నష్టం: నిర్ధారణ పద్ధతి

వ్యాససంగ్రహం:
నాణెంపై కనిపించే లోపం టంకసాలలో పుట్టిందా, చెలామణిలోకి వచ్చాక ఏర్పడిందా అన్నది తేల్చకుండా దానిపై ఉన్న అక్షరాలను చారిత్రక ప్రమాణంగా స్వీకరించడం సరికాదు. ఉత్తర సర్కారులలో వాడుకలో ఉన్న చేతిముద్ర డబ్బులను, యంత్రముద్రిత నాణేలను ప్రధాన ఉదాహరణలుగా తీసుకొని, ఈ రెండు రకాల లోపాలను వేరుచేసే ఆధారాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: డబ్బు, టంకసాల, అచ్చు, చిలుము, ఉత్తర సర్కారులు.

1. ఉపోద్ఘాతం
తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారికి రెండు రకాల లోపాలు ఎదురవుతాయి. లేఖకుడు పొరపాటున రాసిన అక్షరం ఒకటి, పురుగు తినడంవల్ల పోయిన అక్షరం మరొకటి. మొదటిది ఆ ప్రతిని చూసి రాసుకున్న ఇతర ప్రతులలోకీ ప్రవేశిస్తుంది. రెండవది సాధారణంగా ఆ ఒక్క ఆకుకే పరిమితం. నాణేల పరిశీలనకూ ఈ సూత్రం వర్తిస్తుంది. అచ్చులోని లోపం ఆ అచ్చుతో ముద్రించిన నాణేలన్నిటిపైనా అదే స్థానంలో కనిపిస్తుంది. గీత, నొక్కు, తుప్పు మాత్రం ఏ నాణేనికి ఆ నాణెం ప్రత్యేకం. కాబట్టి ఒకే ఒక్క నాణెం ఆధారంగా కొత్త రకాన్ని ప్రకటించడం ఒకే తాళపత్రంతో పాఠాన్ని నిర్ణయించడం వంటిది.

2. తయారీ పద్ధతి - దోషనిర్ణయం
నేడు ధనమనే అర్థంలో వాడే ‘డబ్బు’ ఒకనాడు ఒక రాగి నాణెం పేరు. మచిలీపట్నం వంటి చోట్ల డబ్బులను చేతితో ముద్రించేవారు. రాగిబిళ్ళను కింది అచ్చుపై ఉంచి, పై అచ్చును సుత్తితో కొట్టేవారు. అచ్చు తరచుగా బిళ్ళకన్నా పెద్దది కావడంతో లేఖనంలో కొంత భాగమే నాణెంపై పడేది. అందువల్ల ఇటువంటి డబ్బుపై సంవత్సరమో టంకసాల పేరో సగమే కనిపించడం దోషం కాదు, ఆ పద్ధతికి సహజం. ఒకే అచ్చుకు చెందిన అనేక నాణేలను పక్కపక్కన పెట్టి చదివితేనే పూర్తి లేఖనం తెలుస్తుంది.

ఈస్టిండియా కంపెనీ 1794, 1797 సంవత్సరాల ముద్రతో ఉత్తర సర్కారుల కోసం రూపాయిలో 48వ వంతు, 96వ వంతు విలువగల రాగి నాణేలను తయారుచేయించింది. ఇవి బర్మింగ్‌హామ్ సమీపాన మాథ్యూ బౌల్టన్ స్థాపించిన సోహో టంకసాలలో ఆవిరియంత్రాలపై ముద్రితమైనవి. ఇటువంటి నాణెంపై ముద్ర పక్కకు జరిగితే అది నిజంగా దోషమే. ఒకే ప్రాంతంలో, ఒకే కాలంలో తిరిగిన ఈ రెండు నాణేలను ఒకే కొలబద్దతో కొలవకూడదు.

3. టంకసాల దోషాల లక్షణాలు
అచ్చు పగిలితే లోహం ఆ పగులులోకి చొచ్చుకుపోతుంది. అందుకే నాణెంపై అది ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది. తరువాత ఏర్పడిన గీత ఇందుకు భిన్నంగా లోతుగా ఉండి, దాని ఇరువైపులా లోహం చిన్న గట్టులా లేస్తుంది.

ముద్రించిన నాణెం ఒక అచ్చుకే అతుక్కుని ఉండిపోతే, తరువాతి బిళ్ళపై ఒకవైపు బొమ్మ యథాతథంగా, రెండవవైపు అదే బొమ్మ తిరగబడి లోతుగా పడుతుంది. దీనిని పోలిన కృత్రిమ రూపాన్ని రెండు నాణేలను కలిపి బిగించి నొక్కి తయారుచేయవచ్చు. అయితే అప్పుడు తిరగబడిన రూపం కింద నాణెం అసలు బొమ్మ ఆనవాళ్ళు మిగులుతాయి, ఉబ్బెత్తు భాగాలు చదునవుతాయి.

బిళ్ళ అంచు ముందే తెగి ఉంటే, ముద్రణ సమయంలో ఆ అంచు దగ్గరి అక్షరాలు సాగి పలచబడతాయి. తరువాత కత్తిరించినట్లయితే అక్షరం మధ్యలో హఠాత్తుగా తెగుతుంది. అంచుపై ఆకురాయి గీతలు మిగిలే అవకాశమూ ఉంది.

4. చిలుము సాక్ష్యం - పరిమితులు
తెగిన చోట రాగి మెరుస్తూ, మిగతా భాగం చిలుముపట్టి ఉంటే ఆ కోత ఇటీవలిదని భావించవచ్చు. కానీ చిలుము సమానంగా ఉన్నంత మాత్రాన అది టంకసాల లోపమని చెప్పలేం. రెండు వందల ఏళ్ళ కిందటి కోతకూ చిలుము పడుతుంది. చిలుము కాలాన్ని సూచించగలదు గాని కారణాన్ని కాదు. చింతపండుతో తోమిన నాణేలు ఈ సాక్ష్యాన్నీ కోల్పోతాయి.

బరువు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1808 నాటి 10, 20 కాసుల నాణేలతో మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుకమేటలపై మునిగింది. 1980లలో వెలికితీసిన ఆ నాణేలలో సముద్రజలం తినివేసినవి ఉన్నాయి. అవి చెలామణిలో అరగలేదు, పలుచని బిళ్ళపై ముద్రించినవీ కావు. దొరికిన స్థలం తెలియకపోతే ఈ మూడింటిలో ఏదైనా ఊహించే ప్రమాదం ఉంది.

5. రెండు వర్గాలకూ చెందనివి
పాత నాణెంపైనే కొత్త ముద్ర వేయడం ఉద్దేశపూర్వక చర్య. కింద కనిపించే పాత అక్షరాలను జంటముద్ర దోషంగా భావిస్తే, రెండు పాలనల సాక్ష్యం ఒకే పొరపాటుగా మిగిలిపోతుంది. రంధ్రం సంగతీ అంతే. 1943 నుండి వెలువడిన చిల్లు కాణీకి రంధ్రం టంకసాలే ఇచ్చింది. డబ్బుకు పడిన రంధ్రం మాత్రం మొలతాడుకో దండకో కట్టుకున్నవారిది కావచ్చు. అది నాణెం విలువను తగ్గించినా, దాని సామాజిక చరిత్రను పెంచుతుంది.

6. ముగింపు
పరిశీలకుడు వరుసగా వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు: నాణెం ఏ పద్ధతిలో తయారైంది? లోపం ఉబ్బెత్తా, లోతా? లోహం ఎటు కదిలింది? అదే లోపం మరో నాణెంపై ఉందా? చివరి ప్రశ్నకు సమాధానం దొరికేవరకు నిర్ణయాన్ని వాయిదా వేయడమే ఉచితం. టంకసాల దోషం పనివాడి చేతిని చూపుతుంది, అనంతర నష్టం వాడుకరి జీవితాన్ని చూపుతుంది. రెండూ చరిత్రకు ఆధారాలే. ఒకదానిని మరొకటిగా చదివినప్పుడే చరిత్రకు నష్టం.