సభకు నీడనిచ్చిన యిండ్లు

ప్రజోద్యమముల చరిత్రను వ్రాయువారు ఉపన్యాసములను, తీర్మానములను, అధ్యక్షుల నామధేయములను శ్రద్ధతో లెక్కించి వ్రాయుదురుగాని, ఆ యుపన్యాసము ఎవరి యింటి వసారాలో జరిగెను, ఆ తీర్మానమును వ్రాసిన రాత్రి దీపమునకు చమురెవరు పోయించిరి, సభికులు కూర్చున్న గదికి నెలనెల అద్దె యెవరు చెల్లించిరి అను విషయములను విచారించుట అరుదు. హైదరాబాదు రాజ్యములోని తెలుగువారి మేల్కొలుపును గూర్చి తలచినప్పుడెల్ల ఈ కొఱత నాకు తీవ్రముగా తోచుచుండును. ఏలయన అచ్చటి ప్రజాజీవితము వకీళ్ల యిండ్లలోను, అద్దె గదులలోను, చందాలతో బ్రదికిన పఠనమందిరములలోను పుట్టి, చాలకాలము అచ్చటనే పెరిగి, పిమ్మటగాని మైదానమునకు వచ్చినది కాదు.

ఇరువదవ శతాబ్దారంభమున ఆ రాజ్యపు జనసంఖ్యలో ఇంచుమించు సగము తెలుగు మాటాడువారు. 1884లో పారసీకి మారుగా ఉర్దూ రాజభాష కాగా, కచ్చేరీకి పోవలసిన రైతును, ఉద్యోగము గోరిన యువకుడును తమ భాషను గడప లోపలనే విడిచి బయలుదేరవలసిన స్థితి యేర్పడెను. 1891లో స్థాపింపబడిన ఆసఫియా గ్రంథాలయము అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథములకు నిజముగా పెన్నిధి. దేశదేశముల విద్వాంసులు దానిని కొనియాడిరి. కాని సాయంకాలము పని ముగించుకొని తెలుగు పత్రికను చూడగోరు గుమాస్తాకు ఆ పెన్నిధివలన కలుగు ప్రయోజనము స్వల్పము. ఇట్టి దినములలో, 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ప్రారంభమయ్యెను.

ఈ స్థాపనకు పూనుకొన్నవారిలో ముగ్గురిని ప్రత్యేకముగా స్మరింపవలయును. ఒకరు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు. నాగపురమున చదువుకొని, మరాఠీలో రచనలు సాగించి, మహారాష్ట్రులు తమ భాషకొఱకు, చరిత్రకొఱకు నెలకొల్పుకొన్న సంస్థల నడవడిని కన్నులార చూచివచ్చినవారగుటచే, పుస్తకముల గదిని కేవలము పుస్తకముల గదిగా ఆయన యెన్నడును భావింపలేదు. రెండవవారు మునగాల జమీందారులు నాయని వేంకటరంగారావుగారు. నలుదెసల నిజాము రాజ్యము చుట్టుముట్టియున్నను పాలనకు ఆంగ్లేయుల కృష్ణామండలమునకు చెందిన ఆ చిన్న పరగణా ప్రభువునకు, సరిహద్దున కీవల నావల నున్నవారు ఒక్క జాతివారేయను సంగతి ఇతరులకన్న ముందుగా బోధపడుటలో వింత లేదు. మూడవవారు రంగారావుగారు. తక్కిన యిద్దఱు బుద్ధిని, ధనమును ఇచ్చిరి. ఈయన వానితోపాటు తన యింటిని ఇచ్చెను. ఇల్లు ఇచ్చుట యనగా నేమి? ప్రతిదినము అపరిచితులు గడప దాటి వచ్చుటకు ఒప్పుకొనుట, వారి మాటలకు తాను పూచీపడుట, రేపు పోలీసువారు వచ్చి ప్రశ్నించినచో సమాధానము చెప్పవలసినవాడు తానే యగుట. ధనదానమునకు రసీదు కలదు. ఈ దానమునకు లేదు.

నిలయము పెరిగిన రెసిడెన్సీ ప్రాంతమును గూర్చి ఇచ్చట నొకమాట చెప్పక తీరదు. నేడు సుల్తాను బజారని పిలువబడు రెసిడెన్సీ బజారు 1933వ సంవత్సరము వఱకును ఆంగ్ల రెసిడెంటు అధికారమునకు లోబడియుండి, అటుపిమ్మట నిజాము ప్రభుత్వమునకు తిరిగి అప్పగింపబడెను. మూసీనది కావలనున్న నగరములో గుసగుసగా చెప్పుకొనవలసిన మాటను ఈ బజారు వీథులలో కొంత నిబ్బరముగా చెప్పుకొనవచ్చును. పరదేశి పాలన మన కిచ్చిన వరముగా దీనిని నేను భావింపను. రెండు అధికారముల నడుమనున్న సందును కనిపెట్టి, ఆ సందులోనే తమ దీపమును నిలుపుకొనిన పెద్దల వివేకముగా భావించెదను.

1910లో రంగారావుగారు స్వర్గస్థులైరి. ఇల్లే ఆధారముగా నున్న సంస్థ ఆ యింటి యజమాని పోగానే చెదరిపోవుట లోకమున సామాన్యము. ఇచ్చట అట్లు జరుగలేదు. ఆయన ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు భర్త చేపట్టిన పనిని విడువక, నిలయమునకు స్వంత భవనము సమకూరుటకు ధనసహాయ మొనర్చిరి. కాలక్రమమున సుల్తాను బజారులో నిలయము తన సొంత కప్పు క్రిందికి చేరెను. ఆ దినములలో స్త్రీలు సభకు వచ్చుటయే అరుదు. అట్టిచో తరతరముల సభలకు చోటుగా నిలిచిన భవనమునకు చేయూత నిచ్చినవారిలో ఒక వితంతువు ఉండుటను మన చరిత్రకారులు ఒక్క వాక్యముతో సరిపెట్టుట నాకు బాధాకరముగా నున్నది.

ఒక యిల్లు మఱియొక యింటికి దారి చూపెను. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము, 1905లో సికింద్రాబాదున ఆంధ్రసంవర్ధినీ గ్రంథాలయము వెలసినవి. చదువుటకు తగిన కొత్త పుస్తకములే తెలుగున కొఱవడియున్నవని కనుగొని, నిలయమును స్థాపించిన మిత్రబృందమే 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రముతో ప్రచురణకు శ్రీకారము చుట్టెను. దాస్యవిమోచనకర్త జీవితమును మొదటి పుస్తకముగా ఎన్నుకొనుటలోనే వారి హృదయము తెలియుచున్నది.

పల్లెలలోను చిన్న పట్టణములలోను ఈ పఠనమందిరముల రూపము చాల నిరాడంబరమైనది. ఒక గది, రెండు బల్లలు, నేలపై చాప, గోడకు గూడు, ఒక లాంతరు. బందరునుండి వచ్చు కృష్ణాపత్రికయు, మదరాసునుండి వచ్చు ఆంధ్రపత్రికయు టపాలో ఆలస్యముగా చేరెడివి. అక్షరము తెలిసిన యొకడు బిగ్గరగా చదువగా తెలియనివారు చుట్టును కూర్చుండి వినెడివారు. వినినదానినిబట్టి మాట సాగి, పన్నునుగూర్చియు, వెట్టినిగూర్చియు, బావి నీటినిగూర్చియు పోయెడిది. కార్యదర్శియనువాడు గౌరవనీయుడైన సేవకుడే. రసీదు పుస్తకము చంకనిడుకొని ఇల్లిల్లు తిరిగి, అణాల లెక్కన చందా పోగుచేసి, అందులోనే పత్రికల వెల, దీపపు చమురు, అద్దె సరిపెట్టి, సరిపడనిచో తన సంచి విప్పి, సంవత్సరాంతమున పద్దు చదివి సభ్యులకు అప్పగింపవలయును. ఆ పద్దును నలుగురియెదుట చదువుటయే ఆ రాజ్యములో సామాన్యులు చూచిన మొదటి ప్రజాతంత్రమని నా నమ్మకము. ఎన్నిక, తీర్మానము, భిన్నాభిప్రాయము, లెక్క అడుగుట, లెక్క చెప్పుట, ఇవన్నియు శాసనసభలు రాకముందే ఆ చాపలమీద అభ్యాసమైనవి.

1921 నవంబరులో జరిగిన యుదంతము తెలంగాణమున తెలియనివారుండరు. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి కార్వేగారి అధ్యక్షతను నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఆంగ్లోపన్యాసములను, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సభ శాంతముగా వినెను. అల్లంపల్లి వేంకటరామారావుగారను వకీలు లేచి తెలుగున మాటాడ నారంభింపగనే అల్లరి చెలరేగి, ఆయన కూర్చుండవలసివచ్చెను. మనసు కలతపడిన తెలుగువారు కొందఱు ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అవమానము జరిగినది వందలమంది పట్టు నాటకశాలలో. దానికి ప్రతిక్రియ పుట్టినది ఒక గృహస్థుని గదిలో. తలుపు తీసి లోనికి రండని పిలుచు ఇల్లొకటి ఆ రాత్రి దొరకకయున్నచో, ఆ యావేదన నాలుగు దినములు మాటలుగా నలిగి చల్లారిపోయెడిదేమో.

ఆ సంఘము తన మొదటి కర్తవ్యములలో గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను స్థాపించుటను చేర్చుకొనుట గమనింపదగినది. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమై నిలిచి, వెట్టిచాకిరినిగూర్చియు, వర్తకుల స్వాతంత్ర్యమునుగూర్చియు చిన్న చిన్న పుస్తకములు ప్రకటించి ఊరూర పంచిపెట్టించిరి. ఆ పుస్తకములను అందుకొనుటకు, దాచుటకు, చదివి వినిపించుటకు ఊరిలో నొక చోటు వలయును; ఆ చోటు పఠనమందిరమే. లక్ష్మణరావుగారి ప్రోత్సాహమున ఏర్పడిన పరిశోధకసంఘము, 1923లో ఆయన గతించిన పిమ్మట లక్ష్మణరాయ పరిశోధకమండలియను పేరు తాల్చి, తెలంగాణ శాసనములను వెలికితీసినది.

ఇంతలో ప్రభుత్వముయొక్క అనుమానమును పెరుగుచుండెను. సభ జరుపదలచినవారు ముందుగా అధికారుల అనుమతిని పొందవలయునని గస్తీ నిషాన్ 53 అను ప్రభుత్వోత్తరువు నిర్బంధించెను; ఖానగీ, అనగా ప్రైవేటు, పాఠశాలలకును ఇట్టి యంకుశమే బిగింపబడెను. అనుమతి కోరిన అర్జీ తాలూకా కచ్చేరీనుండి పైకి పోయి తిరిగి వచ్చునప్పటికి సభ తేదీ దాటిపోవుట కలదు. ఇట్టి స్థితిలో గ్రంథాలయ వార్షికోత్సవమునకును, సాహిత్యగోష్ఠికిని గల విలువ యెంతటిదో ఊహింపవచ్చును. భారతమును గూర్చిన ఉపన్యాసమునకు వచ్చినవారు, అది ముగిసిన పిదప తమ యూరి పటేలు, పట్వారీల సంగతి మాటాడుకొనకుందురా?

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రథమ ఆంధ్రమహాసభయు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగెను. అటుపిమ్మట దేవరకొండ, ఖమ్మము, సిరిసిల్ల, షాద్‌నగరు, నిజామాబాదు అనుచు సభ ఊరూర తిరుగజొచ్చెను. సొంత మందిరము లేని సభ యగుటచే ప్రతిమారు ఒక యూరు పందిరి వేసి, వచ్చినవారికి వంట చేయించి, బస చూపి దానిని మోసినది. రాజధానిలో భవ్యమందిరమొకటి కట్టి అచ్చటనే కూర్చుండియున్నచో ఇంతమంది ఊరివారు దానిని తమదిగా భావింపకపోయెడివారు. 1944 భువనగిరి సభనాటికి పల్లెజనుల నోట మహాసభకు పేరు ‘సంఘం’ అని స్థిరపడియుండెను.

నగరమున ఇట్టి యాశ్రయములలో రెడ్డి విద్యార్థి వసతిగృహము ముఖ్యమైనది. పిమ్మట నగర కొత్వాలైన రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారి పోషణమున 1918లో ఏర్పడిన ఆ గృహమునకు పర్యవేక్షకులుగా నున్న ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. 1943లో ఆంధ్రసారస్వత పరిషత్తు పుట్టినదియు ఆ గృహమందే. ఇక ఇల్లే లేని సేవకుని ఒకనిని చెప్పవలయును. వంటవాడుగా జీవితము నారంభించి స్వయంకృషిచే చదువుకొనిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను భుజమున మోసికొని తిరిగి అమ్మి, ఏ చెట్టుక్రింద దింపిన ఆ చెట్టునే పఠనమందిరము గావించిరి.

ఈ కృషి తెలంగాణమునకే పరిమితము కాదు. విశాఖపట్టణమున 1886లోనే సరస్వతీనిలయము వెలసినది. విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయమును, అచ్చటినుండి 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి యుత్సాహమున ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును వెలసినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవపై పుస్తకములు నడిపించిరి. వీనిని గూర్చి విరివిగా వ్రాసినవారున్నారు గనుక నేను విరమించెదను. తీరమున ఊరిపెద్దల మన్నన దొరకిన పనికి హైదరాబాదులో అనుమానము దొరకినదను భేదమును మాత్రము గుర్తింపవలయును.

తెలుగు బాలికలకొఱకు 1928లో మాడపాటివారు నారాయణగూడలో నెలకొల్పిన పాఠశాల కథయును ఇట్టిదే. తెలుగు మాధ్యమమునకు ఇచ్చటి విశ్వవిద్యాలయమున చోటు లేకపోగా, పూనాలోని మహిళా విశ్వవిద్యాలయము దానిని తనకు అనుబంధముగా చేర్చుకొనెను. ఆ విశ్వవిద్యాలయ స్థాపకులు, నాటి నాటకశాల సభకు అధ్యక్షులుగా నుండిన కార్వేగారే.

హైదరాబాదు విమోచనానంతరము 1951లో మాడపాటివారు నగరమునకు మేయరైరి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయపు సేవలో పాలుపంచుకొనిన బూర్గుల రామకృష్ణారావుగారు 1952లో ముఖ్యమంత్రియైరి. 1955లో హైదరాబాదు గ్రంథాలయ శాసనము, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చి, ఒకప్పుడు అణాలుగా పోగైన చందా ఇంటిపన్నుతోపాటు వసూలగు సుంకముగా మాఱినది. ఇది న్యాయమైన మార్పే. పుస్తకము ధర్మముగా గాక హక్కుగా లభింపవలయునని కోరినవారు ఆ పెద్దలే. అయినను, చందా చెల్లించినవాడు సంవత్సరాంతమున వచ్చి లెక్క అడిగెడివాడు. సుంకము చెల్లించువానికి ఆ సొమ్ము ఏ గదికి పోవుచున్నదో తెలియదు. నేటి పట్టణములలో కాలనీ నీటి సమస్యనుగూర్చియో, బడి మూసివేతనుగూర్చియో పదిమంది కూడి అర్జీ వ్రాసికొనవలసినచో, వారు కల్యాణమండపమునకు అద్దె విచారింపవలసియున్నది. శాఖాగ్రంథాలయములలో సాయంకాలము ఒక గదిని ఊరి సభలకు తెఱచియుంచి, దాని నిర్వహణమును సభ్యుల సంఘమునకు అప్పగించి, ఆ సంఘముచే యేటేట పద్దు చదివించుట కష్టమైన పని కాదు. ఇంతకన్న తక్కువ వనరులతో, ఇంతకన్న కఠినమైన ప్రభుత్వము క్రింద, సుల్తాను బజారువారు దానిని చేసి చూపియున్నారు.