బోధిసిరి: ఒక ఉపాసిక పేరు

కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ పేరును తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. అది మట్టి బురుజే. 1856లో పదవీచ్యుతుడైన అవధ్ నవాబు వాజిద్ అలీ షా అక్కడ స్థిరపడటంతో ఆ ఊరికి ప్రసిద్ధి కలిగింది. కాని ఆ తీరం చెందిన వంగదేశం పేరు అంతకు సుమారు పదహారు శతాబ్దాల ముందే కృష్ణాతీరాన రాతికెక్కింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో నాగార్జునకొండలో వేయించిన ప్రాకృత శాసనం, కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి మొదలైన దేశాలను ప్రసన్నం చేసిన తామ్రపర్ణి థేరవాద ఆచార్యులను పేర్కొంటుంది. వారికి చుల్లధమ్మగిరిపై చైత్యగృహం కట్టించిన దాత రాణి కాదు. బోధిసిరి అనే ఉపాసిక.

ఈ పేరులో ‘సిరి’ సంస్కృత ‘శ్రీ’కి ప్రాకృత రూపం. సిరిసంపదలు అనే జంటపదం అలవాటైన మనకు ముందుగా ధనమే స్ఫురిస్తుంది. శోభ, సౌభాగ్యం, మంగళం అనేవి కూడా దాని ప్రాచీనార్థాలే. ఆ కాలంలో ఇది స్త్రీలకే పరిమితమైన పదమూ కాదు. రాజుల పేర్లకు ముందు గౌరవవాచకంగా వచ్చేది. మహాచైత్య దాత్రి చాంతిసిరి భర్త పేరు కందసిరి. ‘సిరి’ని చూడగానే లక్ష్మీదేవి అని తేల్చివేయడమూ తొందరపాటే. భర్హుత్ స్తూప ప్రాకారంపై ‘సిరిమా దేవత’ అని పేరు చెక్కిన స్త్రీమూర్తి ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన ఆ ప్రాకార శిల్పాలు నేడు కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో, మెటియాబ్రుజ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. సిరి అప్పటికే బౌద్ధుల ఇంటి దేవత.

అసలు విశేషం పూర్వపదంలో ఉంది. చాంతిసిరి పేరు ఆమె సోదరుడైన చాంతమూలుని పేరును తలపిస్తుంది. అది వంశపు గుర్తు. ‘బోధి’ మాత్రం ధర్మం నుంచి తీసుకొన్న మాట. శాసనంలో ఆమె భర్త పేరు బుధింనక. పేర్లు పెట్టేది పెద్దలు గనుక, ఆ కుటుంబాలలో బుద్ధభక్తి కనీసం ఒక తరం ముందే వేళ్లూనిందని భావించవచ్చు. ఇక్ష్వాకుల కాలపు బౌద్ధం అశ్వమేధం చేసిన రాజుల అంతఃపుర స్త్రీల ఆదరణతోనే నిలిచిందని తరచుగా వ్రాస్తుంటారు. ఆ మాటను ఈ గృహస్థురాలి పేరు ఒక్కటే సవరించగలదు.

ఆమె దానాలు ఒక్క కొండకు పరిమితం కాలేదు. పూర్వశైలంలో తటాకం, ఘంటసాలగా గుర్తిస్తున్న కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం వద్ద శిలామండపం, పాపిలలో ఏడు గదులు చేయించింది. సింహళ విహారంలో ఆమె కట్టించినది బోధివృక్ష ప్రాసాదం.