ట్రాక్టరు బ్యాటరీ నిలవకపోతే దోషం ఎక్కడ?

పావగడ తాలూకాలో వేరుశనగ ప్రధానంగా వర్షాధార పంట. పదును ఆరకముందే విత్తనం పడాలి. అటువంటి ఉదయాన ట్రాక్టరు స్టార్టు కాకపోతే రైతు ముందుగా బ్యాటరీని నిందించి, వేల రూపాయలతో కొత్తది తెస్తాడు. మూలదోషం ఛార్జింగు వ్యవస్థలో ఉంటే ఆ కొత్త బ్యాటరీ కూడా త్వరలోనే నీరసిస్తుంది. కావున కొనుగోలుకు ముందు పరీక్ష అవసరం.

పనిచేసే విధానం

ఇంజను తిరిగేటప్పుడు బెల్టు ద్వారా ఆల్టర్నేటరు తిరిగి విద్యుత్తును పుట్టిస్తుంది. అందలి డయోడ్లు ఏసీని డీసీగా మారుస్తాయి. రెగ్యులేటరు వోల్టేజి హద్దు మీరకుండా చూస్తుంది. పాత ట్రాక్టర్లలో ఆల్టర్నేటరుకు బదులు డైనమో, కటౌటు ఉండేవి.

కంటితో పరీక్ష

బ్యాటరీ టెర్మినళ్లకు చిలుము పట్టిందా, క్లాంపులు వదులయ్యాయా, చాసిస్‌కు బిగించిన ఎర్తు తీగ తుప్పుపట్టిందా అని చూడాలి. బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే లోనికి పోవాలి. తాళం తిప్పగానే ఛార్జింగు దీపం వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బునో, దాని తీగనో అనుమానించాలి.

మీటరుతో పరీక్ష

1. రాత్రంతా కదలని 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లే.

2. ఇంజనును మధ్యస్థ వేగంతో నడుపుతూ కొలిస్తే సుమారు 13.8 నుండి 14.4 వరకు ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లు భావించాలి.

3. వోల్టేజి పెరగకపోతే ఆల్టర్నేటరు లావు తీగ బిగించిన చోట కొలవాలి. అక్కడ సరిగా ఉండి బ్యాటరీ వద్ద తగ్గితే దోషం నడుమ తీగలలోనో, ఎర్తులోనో ఉంటుంది. రెండుచోట్లా తక్కువైతే బ్రష్షులు, డయోడ్లు, రెగ్యులేటరు పరీక్షకు ఆటో ఎలక్ట్రీషియను వద్దకు పోవాలి.

4. ఛార్జింగు సక్రమంగా ఉండి, పూర్తిగా ఛార్జి చేసిన తరువాత కూడా నిలవకపోతే అప్పుడే బ్యాటరీ మార్పు ఆలోచించాలి.

జాగ్రత్తలు

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి చూసే అలవాటు మానాలి. దానివలన డయోడ్లు కాలిపోవచ్చు. ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. లవణాలున్న బోరునీరు ప్లేట్లను పాడుచేస్తుంది.

ఈ పరీక్షను వాన కోసం ఎదురుచూసే రోజుల్లోనే ముగించుకొన్న రైతుకు, పదునైన నాడు ట్రాక్టరు మొరాయించే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.